తాడు వదిలిన చెయ్యి

నల నామ సంవత్సరం, మార్గశిర శుద్ధ విదియ

పడవ కొండల కింద కట్టేశాం. రేపు ఎక్కాలి.

షావుకారు కట్టించే కొత్త పడవకి తెరచాప కొయ్య కావాలి, చెట్టు ఎంచడానికి వచ్చాం. పైకి చెప్పుకునే మాట అది. అసలు సంగతి వేరే. మా మామగారు ముసలయ్య గారి ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. చెట్టు నరకబోయే ముందు, ఆ పడవకి కాబోయే సరంగు దాని మీద మొదటి చెయ్యి వెయ్యాలి. మామగారికి చూపు తగ్గిపోయింది, కొత్త పడవ నడపలేరు. రేపు ఆయన ఎవరిని పిలిచి చెయ్యి వెయ్యమంటే వాడే సరంగు.

ఉన్నది ఇద్దరం. ఇల్లరికపు అల్లుణ్ణి నేను. రెండోవాడు మంగరాజు, ఆయన అన్నగారి కొడుకు. తల్లీ తండ్రీ పోతే ఆయనే పెంచాడు. వాడికి గోదారి తెలుసు, నాకు చదువు తెలుసు. కాలవలు తవ్వి లాకులు పెట్టాక సరుకు చీటీ చదివేవాడు లేని పడవ లాకు దగ్గర పూటంతా పడి ఉండాల్సిందే. ఆ సంగతి షావుకారుకీ తెలుసు. పెళ్ళికి ముందు నేను లాకు దగ్గరే గుమాస్తాగా ఉండేవాణ్ణి. అందుకే మంగరాజు నన్ను లాకు దొర అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. నవ్వక ఏం చేస్తాను, తినేది వాళ్ళింటి అన్నం.

ఇవాళ వాడు మామగారి చెవిలో ఏదో చెప్పాడు. నేను దగ్గరికి వెళ్ళగానే ఆపేశాడు.

మార్గశిర శుద్ధ చవితి

నిన్న రాసే స్థితిలో లేను. ఎడమ కాలు మడమ దగ్గర గుమ్మడికాయంత వాచింది. పడవలో పడుకుని రాస్తున్నాను. అంతా వరసగా రాయాలి, ఒక్కటీ వదలకూడదు. తరవాత ఎవరైనా అలా జరగలేదంటే నాకు నేను చెప్పుకోవడానికైనా ఉండాలి.

పొద్దున్నే బయలుదేరాం. మామగారు, మంగరాజు, నేను, ఇద్దరు పడవ కళాసులు, దారి చూపడానికి ఒక కొండరెడ్డి. మా వాళ్ళలో ఎవరూ పుట్టి బుద్ధెరిగి కొండ ఎక్కినవాళ్ళు కారు, ఇదివరకటి కొయ్యలు కింద గట్టు పక్క చెట్లవేనట. మా సీమలో ఎత్తు అంటే ఏటిగట్టు. అందుకని మామగారు పడవ లాగే తాడు భుజాన వేయించారు. “కొండ సంగతి మనకి తెలీదండి, తాడు సంగతి తెలుసు” అన్నారు. ఎదురుగాలికి గట్టు మీద పడవ లాగుతున్నట్టే, అందరూ ఆ తాడు పట్టుకుని వరసగా ఎక్కారు. కొండరెడ్డి వెనక్కి చూసి చూసి నవ్వుకున్నాడు. నాకు తాడు అలవాటు లేదు. నేను పడవ మీద కూర్చుని చీటీలు చూసుకునేవాణ్ణి, గట్టు మీద ఎవరు ఎలా లాగుతారో ఏనాడూ పట్టించుకోలేదు.

ఎక్కుతున్నంతసేపూ మంగరాజు ఎకసెక్కాలే. “బావా, ఇక్కడ లాకు లేదు, తలుపులు తీయించి నిన్ను పైకి తేల్చడానికి” అన్నాడొకసారి. కళాసులు విరగబడి నవ్వారు. మామగారు కూడా నవ్వారు, నేను చూశాను.

చెట్టు బాగుంది. నిటారుగా, ఎక్కడా వంకర లేకుండా పెరిగింది. మామగారు చేత్తో తడిమి తడిమి చూశారు. అప్పుడు నావైపు తిరిగి, “అల్లుడు గారూ, రండి, చెయ్యి వెయ్యండి” అన్నారు.

నన్నే పిలిచారు. ఆనందమే. ఇన్నాళ్ళకి నేను ఆ ఇంటి మనిషినయ్యాను అనిపించింది. చెయ్యి వేశాను. వేసి మంగరాజు వైపు చూశాను. వాడు తల వంచుకుని తాడు చుట్ట చుడుతున్నాడు.

ఇక దిగేటప్పుడు జరిగింది. ఒకచోట నున్నటి బండ, నాచు పట్టి ఉంది. ఎక్కేటప్పుడు పక్కనుంచి పొదలు పట్టుకుని పాకాం, దిగేటప్పుడు అది కుదరదన్నారు. మంగరాజు పైన నిలబడి తాడు పట్టుకున్నాడు. ఒక్కొక్కళ్ళం నడుముకి తాడు కట్టుకుని దిగడం. మామగారు దిగారు. కళాసులు దిగారు. ఎవరూ జారలేదు. నా వంతు వచ్చింది. సగం దిగాక కాలు జారింది. తాడు ఒక్క గుంజు గుంజింది. ఆ గుంజుతో నేను ఆగాలి కదా. ఆగలేదు. నేను కింద పడ్డాను, నా వెనకాలే తాడంతా వచ్చి నా మీద పడింది.

మనిషెత్తు నుంచి పడ్డాను. కింద ఆకులు మెత్తగా ఉండబట్టి కాలితో పోయింది.

మంగరాజు ఎలా దిగాడో దిగి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. “బావా, చెయ్యి దానంతట అదే వదిలేసింది” అన్నాడు.

చెయ్యి దానంతట అదే వదిలేసిందట! మా చిన్నప్పుడు దొరల బడిలో పలక పగలగొట్టిన పిల్లలు కూడా ఇంతకన్నా మంచి సాకు చెప్పేవారు.

కొండరెడ్డి ఒకటే అడిగాడు, “తాడు చెట్టుకెందుకు చుట్టలేదు?” అని. ఇంకోటి కూడా రాసి పెట్టుకోవాలి. నేను పడగానే మామగారు నా కాలు చూడలేదు. ముందు మంగరాజు రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని కళ్ళ దగ్గర పెట్టుకుని చూశారు.

మార్గశిర శుద్ధ అష్టమి

ఇంటికి వచ్చాం. కొత్తపేట దగ్గర మా రేవులో నన్ను మంగరాజే వీపున వేసుకుని దింపాడు. ఊరంతా చూస్తుండగా. అదీ వాడి తెలివి.

మా ఆవిడ నూకాలమ్మ ఏడ్చింది. దాన్ని ఏడవొద్దన్నాను, ఇప్పుడది వట్టి మనిషి కాదు. అత్తగారు అప్పలమ్మ గారు తలుపు చాటునుంచి, “దేవుడి దయండి బాబూ, ఇంతటితో పోయింది” అన్నారు. దేవుడి దయ సరే. ఎవరి దయ లేక పడ్డానో అది ఎవరూ అనరేం?

మార్గశిర శుద్ధ దశమి

కట్టు మంగరాజు కట్టాడు. చింతాకు ఉడకబెట్టి, ఉప్పు కలిపి, మరీ బిగించి కట్టాడు. రక్తం ఆడకుండా చెయ్యాలనా? విప్పి వదులుగా కట్టమన్నాను. వదులుగా కట్టాడు. ఇంత వదులుగా ఉంటే ఎముక సర్దుకోదని వాడికి తెలియదా?

మార్గశిర బహుళ పాడ్యమి

వాడు నాకో కర్ర చేసి తెచ్చాడు. కొండ మీద నుంచి తెచ్చిన కొమ్మట, నున్నగా చెక్కి, పైన పట్టుకోవడానికి వీలుగా వంపు పెట్టాడు. “దీనిమీద ఊనుకుని నడువు బావా” అన్నాడు.

కొమ్మలో ఒకచోట ముడి ఉంది. సరిగ్గా అక్కడే విరుగుతుంది.

మార్గశిర బహుళ తదియ

కర్ర ఇంకా విరగలేదు. చూడాలి.

మార్గశిర బహుళ షష్ఠి

పడవ నేను లేకుండా ధాన్యం వేసుకుని వెళ్ళింది. చుక్కాని దగ్గర మంగరాజు. అరుగు మీద కూర్చుని చూశాను. వాడు నావైపు చెయ్యి ఊపాడు. ఊపుతాడు మరి. నా కాలు బాగుంటే ఆ చుక్కాని ఎవరి చేతిలో ఉండేది?

నూకాలమ్మని నిలదీశాను. నీ తమ్ముడు కావాలనే వదిలాడా లేదా చెప్పమన్నాను.

“వాడలాంటివాడు కాదండి.”

“మరి ఎందుకు వదిలాడు?”

“వాడిది లాగుడు చెయ్యి కదండి. తాడు గుంజితే వదిలేస్తారు పడవ లాగేవాళ్ళు. చిన్నప్పట్నించీ అంతేనండి.”

“గుంజినప్పుడే కదా పట్టుకోవలసింది?”

అది చెంబు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. పుట్టింటి మనిషిని ఆడది వెనకేసుకు రాక ఏం చేస్తుంది? నా పెళ్ళాం ఉన్నది కూడా పుట్టింట్లోనే. ఈ ఇంట్లో నా మనిషి అనేవాడు ఒక్కడూ లేడు.

మార్గశిర బహుళ దశమి

పడవ తిరిగి వచ్చింది. లాకు దగ్గర చీటీలో ఏదో తేడా ఉందని ఆపేశారట. చదివేవాడు లేక పూటంతా పోయిందట. షావుకారు కబురు పంపాడు, అల్లుడు ఎప్పుడు లేస్తాడని.

లేస్తాను. లేచాక చెప్తాను.

పుష్య శుద్ధ విదియ

ఇవాళ అడిగేశాను. అందరూ భోజనానికి కూర్చున్నారు. మామగారు, మంగరాజు, నేను. అత్తగారు వడ్డిస్తున్నారు. కంచంలో చెయ్యి పెట్టకుండానే అడిగాను.

“మంగరాజూ, కావాలనే వదిలావా?”

వాడు ముద్ద కంచంలో పెట్టేశాడు. “లేదు బావా. చెయ్యి దానంతట అదే వదిలేసింది.”

“చెట్టు మీద నా చెయ్యి పడిందని నీకు కడుపు మండలేదా?”

“మండింది,” అన్నాడు. తడుముకోకుండా అన్నాడు. “నాకూ ఆశ ఉంది బావా. లేదంటే అబద్ధం. కాని మండింది కడుపు, చెయ్యి కాదు.”

విన్నారా? ఒప్పేసుకున్నాడు. కడుపు మండినవాడి చెయ్యి మాత్రం బుద్ధిగా కూర్చుంటుందా? నేను మామగారి వైపు తిరిగి చెప్పేశాను. వాడున్న పడవలో నేను కాలు పెట్టను. నన్నైనా ఉంచండి, వాణ్ణైనా ఉంచండి.

మామగారు కంచం పక్కకి జరిపారు. “అల్లుడు గారూ, వాడి చేతులు నేను చేసినవండి” అన్నారు. అంతే. అదేం జవాబు? పెంచిన మమకారం, ఇంకేముంది.

పుష్య శుద్ధ తదియ

పొద్దున లేచేసరికి మంగరాజు దుప్పటి మడిచి చంకన పెట్టుకుని వాకిట్లో ఉన్నాడు. నూకాలమ్మ వాడి చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. వాడు మామగారితో అన్న మాట నాకు లోపలికి వినబడింది.

“బావ లేకపోతే పడవ లాకు దగ్గర ఆగిపోద్ది బాబాయ్. నేను లేకపోతే ఇంకో చెయ్యి దొరుకుద్ది. కోరంగి పోతాను. అక్కడ ఓడల్లో కళాసులు కావాలంటున్నారు.”

నా దగ్గరికి వచ్చి, “కర్ర జాగ్రత్త బావా, ఎండలో పెట్టకు, పగులుద్ది” అన్నాడు. నేను మొహం తిప్పుకున్నాను.

హాయిగా ఉంది.

పుష్య శుద్ధ సప్తమి

ఇంట్లో ఎవరూ నాతో తగువు పడటం లేదు. అత్తగారు వేళకి అన్నం పెడుతున్నారు. హాయిగానే ఉంది.

పుష్య శుద్ధ ఏకాదశి

కర్ర అక్కర్లేకుండా నడిచాను. కర్ర విరగనే లేదు. దాన్ని నీడలోనే పెట్టాను. మంచి కొయ్య, పాడుచేయడం దేనికి.

పుష్య బహుళ పాడ్యమి

మళ్ళీ పడవలోకి వెళ్ళాను. పేరుకి కాబోయే సరంగుని. చుక్కాని మాత్రం మళ్ళీ మామగారి చేతికే వచ్చింది. గట్టు మీద లాగడానికి మనిషి తక్కువయ్యాడు. కొత్తవాడు దొరకలేదు. కళాసులు ఇద్దరూ నావైపు చూడకుండా నవ్వుకుంటున్నారు, తాడు పట్టని సరంగని. నేనేం తక్కువ తిన్నానా? దిగి తాడు పట్టుకున్నాను.

మధ్యాహ్నం దాకా బాగానే లాగాను. ఇంతలో గాలి మళ్ళింది. పడవ ఒక్కసారి ఏటి లోపలికి తిరిగింది. తాడు గుంజింది. నా ముందున్న ఇద్దరి చేతులూ ఒక్కసారే తెరుచుకున్నాయి. ఎవరూ అరవలేదు, ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నేను మాత్రం వదల్లేదు. వదిలే జాతి కాదు నేను. తాడు నన్ను బోర్లా పడేసి నీళ్ళ అంచు దాకా ఈడ్చుకుపోయింది. గడ్డం, మోచేతులు, మోకాళ్ళు గీరుకుపోయాయి.

పడవ ఒడ్డుకి చేరాక మామగారు దిగి వచ్చి, తడుముకుంటూ నా పక్కన కూర్చున్నారు.

“తాడు గుంజితే వదిలెయ్యాలండి. పట్టుకుంటే ముందు మీరు పోతారు, మీ వెనకున్నోడు పోతాడు. ఆలోచించి వదులుదామంటే కుదరదండి, ఆలోచించేలోపు నీళ్ళల్లో ఉంటారు. తలకి తెలీకుండా చెయ్యి వదిలెయ్యాలి. మంగరాజుకి ఏడేళ్ళప్పుడు మొదలెట్టేనండి. వదలకపోతే వేళ్ళ మీద కొట్టేవోణ్ణి.”

ఇదంతా నాకెందుకు చెప్తున్నారు? ఏరు వేరు, కొండ వేరు. ఇక్కడ వదిలితే బతుకుతాం, అక్కడ వదిలితే ఛస్తాం. ఆ తేడా తెలియనంత వెర్రివాడా మంగరాజు?

పుష్య బహుళ పంచమి

మామగారు నాకు కూడా వదలడం నేర్పుతున్నారు. తాడు ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస పట్టుకుని నాతో మాటల్లో పడతారు. నూకాలమ్మ ఎలా ఉందండి, ధాన్యం తడవలేదు కదండి, అంటూ ఉన్నట్టుండి గుంజుతారు. వదలకపోతే వేళ్ళ మీద పుల్లతో ఒకటి. అల్లుణ్ణని చూడరు. నొప్పి వేళ్ళకే కాదు, పౌరుషానికి కూడా.

పుష్య బహుళ ఏకాదశి

ఇవాళ పుల్ల దెబ్బ తినలేదు. భేషండీ అన్నారు.

మాఘ శుద్ధ చవితి

బోడసకుర్రు వెళ్ళి వస్తుంటే గాలి తిరిగింది. తాడు గుంజడం నాకు తెలియనే లేదు. చెయ్యి తెరుచుకుని ఉంది, తాడు నేల మీద పాములా పోతోంది. అంతే. కళాసులు ఇద్దరూ నావైపు చూసి తల ఊపారు. సాయంత్రం వాళ్ళు వండుకున్న చేపల పులుసు నాకు కూడా పెట్టారు. ఇన్నాళ్ళలో వాళ్ళు నన్ను పిలిచి పెట్టడం ఇదే మొదలు. గర్వంగా ఉంది, దాచడమెందుకు. లాకు దొర కాదు, లాగుడు చెయ్యి ఉన్న సరంగు.

మంగరాజు ఉంటే ఏమనేవాడో.

ఉంటే అని రాశానేమిటి? వాడి గోల మనకెందుకు.

మాఘ శుద్ధ ద్వాదశి

ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

మధ్యాహ్నం నూకాలమ్మ నాకు అన్నం తీసుకుని రేవుకి వచ్చింది. పడవలో కూర్చుని నేను తింటుంటే ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పింది. కొన్నాళ్ళుగా అది నాతో ఇంత మాట్లాడలేదు. కడుపులో బిడ్డ తన్నుతోందని నా చెయ్యి తీసి పెట్టించుకుంది కూడా. తినడం అయ్యాక ఇంటికి బయలుదేరింది. పడవకీ గట్టుకీ మధ్య బల్ల వేసి ఉంది. నేను ముందు గట్టు మీదికి దిగి చెయ్యి అందించాను. పట్టుకుని బల్ల మీద అడుగు వేసింది. పడవ కొంచెం కదిలింది. దాని కాలు జారింది. నా చెయ్యి గుంజింది.

నా చెయ్యి తెరుచుకుంది.

పడిపోయింది. గట్టు పక్క బురదలో, మోకాలి లోతు నీళ్ళలో, కూర్చున్నట్టే పడింది. నేను నా చెయ్యి చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. కళాసి ఒకడు దూకి దాన్ని పట్టుకున్నాక గాని నాకు కాళ్ళు కదల్లేదు. దిగి లేవదీశాను. అది ఏడవలేదు. అరవలేదు. బురద చేతుల్తో నన్ను పట్టుకుని, నా మొహంలోకి చూసింది.

“ఏవండీ, కావాలనే వదిలేరా?”

కోపంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగింది.

“లేదే. ఒట్టు. చెయ్యి దానంతట అదే వదిలేసింది.”

అనేశాక ఆ మాట నాకు వినబడింది.

“ఆయ్,” అంది నూకాలమ్మ. చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ అంది. “మీ మాట నేను నమ్మేనండి. వాడి మాట మీరు నమ్మలేదు.”

మంత్రసాని వచ్చి చూసింది. బిడ్డ కదులుతోంది, భయం లేదంది. నూకాలమ్మ వేడినీళ్ళు పోసుకుని పడుకుంది. నేను వాకిట్లో కూర్చున్నాను. మామగారు వచ్చి పక్కన కూర్చుని, నా చెయ్యి తీసుకుని కళ్ళ దగ్గర పెట్టుకుని చూశారు. ఆ రోజు కొండ కింద మంగరాజు చేతులు చూసినట్టే. అరచేతిలో కాయలు కాచాయి. వాటిని బొటనవేలితో తడిమారు.

“నేను చేసిన చెయ్యేనండి ఇది కూడా” అన్నారు.

నేను ఏడ్చాను. ఇల్లరికపు అల్లుడు మామగారి ముందు ఏడవకూడదంటారు. ఏడ్చాను.

వాడు నన్ను వీపున మోసుకొచ్చాడు. కట్టు బిగిస్తే వదులు చెయ్యమన్నాను, చేశాడు. కర్ర చెక్కాడు. కడుపు మండిందని నా మొహం మీదే చెప్పాడు. నాకు ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు వాడు. ఇల్లు వదిలి పొమ్మంటే దుప్పటి మడుచుకుని పోయాడు. నేను హాయిగా ఉంది అని రాసుకున్నాను.

మాఘ శుద్ధ త్రయోదశి

తెల్లారగానే కనుక్కున్నాను. కోరంగిలో సముద్రం దాటి రంగం వెళ్ళే ఓడ ఒకటి పున్నమి దాటాక కదులుతుందట. మంగరాజు దాంట్లోనే కుదిరాడని యానాం నుంచి వచ్చిన చేపల వాళ్ళు చెప్పారు. షావుకారుతో ధాన్యం బేరం తరవాత చూసుకుందామన్నాను. ఆయన కేకలు వేశాడు. వెయ్యనీ.

ఖాళీ పడవే వేసుకుని బయలుదేరాం. చుక్కాని మామగారు పట్టుకున్నారు. కళ్ళు కనబడకపోయినా గోదారి తెలుసు కదండి అంటున్నారు. నూకాలమ్మ కూడా వస్తానంది, అత్తగారు ఒప్పుకోలేదు. మినప సున్నుండలు మూట కట్టి ఇచ్చింది, వాడి కోసం. నాకు ఒక్కటి కూడా పెట్టలేదు. మంచి పని చేసింది.

కర్ర తెచ్చుకున్నాను. కొత్త పడవకి తెరచాప కొయ్య ఇంకా నిలబెట్టలేదు. అది నిలబెట్టే రోజున చెయ్యి మళ్ళీ వేయించాలి, మంగరాజుదైనా సరే, ఎవరిదో మామగారినే మళ్ళీ చెప్పమంటాను. నేను చీటీలు చదువుతాను. ఇదంతా వాడికి ఎలా చెప్పాలో తెలియడం లేదు. వాడు లాకు దొరా అని మొదలెడితే అసలు ఏమీ చెప్పలేనేమో. ముందు అరచేతులు చూపిస్తాను.

గాలి ఎదురు తిరిగింది. తెరచాప దింపేశారు. కళాసులు గట్టు మీద నుంచి పిలుస్తున్నారు, తాడుకి ఇంకో మనిషి కావాలి. దిగుతున్నాను.